కాగ్ ఐటీ ఆడిట్ రిపోర్టులు: ఫ్రీగా దొరికే సరుకే, చదవడం తెలియాలి అంతే

జనం ఎయిర్ ఫ్రయ్యర్లకీ బిర్యానీ సెంటర్లకీ రివ్యూలు రాస్తారు కదా, నేను ఈసారి కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ) రిపోర్టులకి రాస్తున్నాను, నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. అదీ మన డబ్బుతో తయారయ్యే వస్తువే. డెలివరీ ఛార్జీ లేదు, కాగ్ వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌లు పెడతారు, ఎవరైనా దించుకోవచ్చు. వాడినవాళ్లు మాత్రం మా చుట్టాల్లో ఒక్కరూ లేరు. గ్రూప్-1కి చదువుతున్న మా బాబాయి కూతుర్ని అడిగితే "రాజ్యాంగంలో ఆర్టికల్ 148 నుంచి 151 వరకూ కదా అన్నయ్యా" అని టకీమని చెప్పింది. రిపోర్టు ఎప్పుడైనా తెరిచావా అంటే నవ్వేసింది.

నా సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే వీడికెందుకీ గోల అనుకుంటారు. సాఫ్ట్‌వేర్‌లో పదహారేళ్లు, అందులో తొమ్మిదేళ్లు గవర్నమెంటు ప్రాజెక్టులే. పెద్ద కంపెనీ టెండర్ గెలుస్తుంది, అసలు పని చేసేది మాలాంటి చిన్న కంపెనీ, అందులో కోడ్ రాసేది నాలాంటి నలుగురైదుగురు. కాబట్టి ఈ రిపోర్టులు నేను పౌరుడిగా చదవడం మొదలుపెట్టలేదు, దొంగ పోలీసు డైరీ చదివినట్టు చదివాను. మనం చేసినవి వీళ్లకి ఎంతవరకు తెలుసు, ఎంతవరకు తెలీదు అని.

ముందు బాగున్నది చెప్తాను. ఆయుష్మాన్ భారత్ మీద 2023లో వచ్చిన 11వ నంబరు రిపోర్టు దించుకోండి. ఆ ఏడాది ఆగస్టులో పార్లమెంటు ముందు పెట్టారు. అందులో ఒకే ఒక్క మొబైల్ నంబరు, 9999999999, కింద 7,49,820 మంది లబ్ధిదారులు నమోదై ఉన్నారని ఉంటుంది. 8888888888 కింద ఇంకో 1,39,300 మంది. 9000000000 కింద 96,046 మంది. ఇవి అప్పట్లో పేపర్లో వచ్చాయి, మీరూ చూసే ఉంటారు, కానీ పేపర్లో అంతగా కనపడని చిన్న చిన్నవి లోపల ఉంటాయి. 43,197 కుటుంబాల్లో సభ్యుల సంఖ్య 11 నుంచి 201 దాకా ఉందట. రెండొందల ఒక్క మంది ఉన్న కుటుంబం! పెళ్లికి పిలిస్తేనే అంతమంది రారు. తమిళనాడులో ఏడంటే ఏడు ఆధార్ నంబర్ల మీద 4,761 రిజిస్ట్రేషన్లు. అంతకుముందే చనిపోయినట్టు సిస్టంలో ఉన్న 3,446 మంది రోగుల చికిత్స పేరుతో 6.97 కోట్లు చెల్లింపులు.

ఇలాంటివి పట్టుకోవడంలో వీళ్లకి తిరుగులేదు. డేటాబేస్ తీసుకుని కూర్చుని, లెక్క తిప్పి తిప్పి చూసి, ఎక్కడ అతకలేదో అక్కడ వేలు పెడతారు. కోర్టులాగా సాక్షి కోసం చూడరు, టీవీ వాళ్లలాగా అరవరు, నంబరు వేసి ఊరుకుంటారు. ఆ పొడి భాషే నాకు ఇష్టం.

కానీ ఆ పది తొమ్మిదులు చూసి ఊరంతా నవ్వుతుంటే నేను మాత్రం నవ్వలేకపోయాను, ఎందుకంటే అలాంటిదే నేనూ చేశాను. వేరే పోర్టల్, వేరే శాఖ, పేరు చెప్పను. ఫారంలో మొబైల్ నంబరు ఖాళీగా వదలకూడదని పైనుంచి మాట వచ్చింది. మీటింగులో "ఫోను లేని ముసలివాళ్లు ఉంటారు కదా సార్" అని నేను అన్నాను కూడా. "ఈ రోజుల్లో ఫోను లేనివాడెవడయ్యా, మ్యాండేటరీ పెట్టు" అన్నారు. పెట్టాను. చెక్ కూడా నేనే రాశాను: పది అంకెలు ఉండాలి, మొదటి అంకె 6 నుంచి 9 లోపు ఉండాలి. అంతే. ఇప్పుడు ఆ మూడు నంబర్లూ మళ్లీ చూడండి, మూడూ అలాంటి చెక్‌ని హాయిగా దాటేస్తాయి. ఇక కింద ఊళ్లో కూర్చున్న ఆపరేటర్‌కి ఎంట్రీకి ఇంత అని డబ్బులు, ముందర పాతిక మంది క్యూ, ఎదురుగా ఉన్న ముసలమ్మకి ఫోను లేదు, వాడేం చేస్తాడు? తొమ్మిది మీద వేలు పెట్టి నొక్కిపట్టుకుంటాడు. వాడి స్థానంలో నేనున్నా అదే చేస్తాను.

రిపోర్టులో నాకు తక్కువైంది ఇదే. తప్పు ఎక్కడుందో అద్దంలా చూపిస్తుంది, అది ఎలా పుట్టిందో మాత్రం నాలాంటివాడు వెనక్కి ఊహించుకోవాలి. తప్పు డేటాది కాదు, ఫారంది. ఫారంది కూడా కాదు, ఫోను లేనివాడు ఉండడు అనుకున్న ఆ మీటింగుది. ఆ మీటింగు మినిట్స్ ఏ పీడీఎఫ్‌లోనూ ఉండవు. చాలాసార్లు మినిట్స్ రాయనే రాయరు కూడా.

సరే, వాడే విధానం చెప్తాను. మొదట ఉండే ఎగ్జిక్యూటివ్ సమ్మరీ పేపర్లవాళ్ల కోసం, అక్కడ ఆగిపోతే టీజర్ చూసి సినిమా రివ్యూ రాసినట్టే. నేను చదివేది వెనక నుంచి. ముందు అనుబంధాలు, అంటే ఆఖర్లో ఉండే పట్టికలు, రాష్ట్రాలవారీగా జిల్లాలవారీగా అంకెలు అక్కడుంటాయి. తర్వాత ప్రతి పేరా చివర శాఖవాళ్లు ఇచ్చిన జవాబు. అది తప్పక చదవండి, మిగతాది వదిలేసినా పర్లేదు. ఆడిట్‌వాళ్లు రాసింది ఒక పక్షం, శాఖ జవాబు రెండో పక్షం, దాని కింద "ఈ జవాబు ఆమోదయోగ్యం కాదు, ఎందుకంటే" అని మళ్లీ ఆడిట్‌వాళ్లు. అత్తాకోడళ్ల గొడవ అంత రసవత్తరంగా ఉంటుంది, కాకపోతే ఇంగ్లిషులో, మర్యాదగా.

పది తొమ్మిదుల విషయంలోనే చూడండి. ప్రభుత్వం చెప్పిన మాట ఏంటంటే, లబ్ధిదారుని గుర్తించడానికి మొబైల్ నంబరుతో పనిలేదు, అది సమాచారం పంపడానికే, కొత్త వెర్షన్‌లో ఒకే నంబరు కొన్ని కుటుంబాలకి మించి వాడకుండా కట్టడి పెట్టాం అని. ఇది పూర్తిగా తప్పు జవాబేం కాదు. నిజంగానే ఆధార్‌తో గుర్తిస్తే నంబరు ముఖ్యం కాదు. మరి ముఖ్యం కానప్పుడు అక్కడ ఏదో ఒకటి నింపాల్సిన అవసరం ఎందుకొచ్చింది? నా ప్రశ్న అదొక్కటే. ముఖ్యం కానివన్నీ అడగడం గవర్నమెంటు ఫారాలకి తాతలనాటి అలవాటు, కంప్యూటర్ వచ్చాక ఆ అలవాటుకి "ఇది తప్పనిసరి" అనే ఎర్ర నక్షత్రం గుర్తు తోడైంది.

ఆధార్ సంస్థ మీద వచ్చిన రిపోర్టు కూడా మంచిదే, 2021లో 24వ నంబరుది. 2019 నవంబరు నాటికి 4.75 లక్షలకు పైగా ఆధార్‌లు డూప్లికేట్లని రద్దు చేశారని, అంటే 2010 నుంచి తొమ్మిదేళ్లలో సగటున రోజుకి 145కి తగ్గకుండా రెండోసారి ఇచ్చినవే అని లెక్క తేల్చారు. పిల్లల దగ్గరైతే నేను కాసేపు ఆగిపోయాను. ఐదేళ్లలోపు పిల్లలకి వేలిముద్రలు తీసుకోరు, తల్లి దగ్గరో తండ్రి దగ్గరో ముడిపెట్టి బాల ఆధార్ ఇస్తారు. ఆధార్ అసలు ఉద్దేశమే వేలిముద్రలతో మనిషిని ఒక్కడిగా గుర్తించడం కదా, వేలిముద్రలే లేనప్పుడు నంబరెందుకు, దీని మీద 2019 మార్చి దాకా పెట్టిన 310 కోట్లు తప్పించుకోదగ్గ ఖర్చే కదా అని అడిగారు. ఇది కాంట్రాక్టర్ తప్పు కాదు, ఆపరేటర్ తప్పు కాదు. ఎందుకు చేస్తున్నాం అని ఎవరూ అడగని తప్పు. ఆడిటర్ అడిగాడు.

కానీ తేదీలు చూడండి. ఆ ఆడిట్ చూసింది 2014-15 నుంచి 2018-19 దాకా. పార్లమెంటు బల్ల మీదకి వచ్చింది 2022 ఏప్రిల్‌లో. ఆయుష్మాన్ భారత్‌ది 2018 సెప్టెంబరు నుంచి 2021 మార్చి దాకా చూశారు, మన చేతికి వచ్చింది 2023 ఆగస్టులో. రోడ్డు విషయంలో అయితే ఇది ఒకలా ఉంటుంది, రెండేళ్ల తర్వాతా గుంట అక్కడే ఉంటుంది కాబట్టి చూపించవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో రెండేళ్లంటే ఒక తరం. వెర్షన్ మారిపోతుంది, కాంట్రాక్టు గడువు తీరిపోతుంది, రాసినవాళ్లు కంపెనీ మారతారు, సంతకం పెట్టిన ఆఫీసర్ ట్రాన్స్‌ఫర్ అవుతారు. అప్పుడొచ్చి "చెక్ లేదు" అంటే శాఖవాళ్లు "కొత్త వెర్షన్‌లో పెట్టాం" అంటారు, అది నిజమే అయి ఉంటుంది కూడా, ఇద్దరూ నిజమే చెప్పి ఇంటికెళ్తారు.

ఆలస్యం అంటే గుర్తొచ్చింది, బీఎస్ఎన్ఎల్‌ది. 2025లో బయటికొచ్చింది. తన టవర్ల మీద రిలయన్స్ జియో అదనంగా వాడిన టెక్నాలజీకి ఒప్పందం ప్రకారం వేయాల్సిన బిల్లు 2014 మే నుంచి 2024 మార్చి దాకా వేయలేదని, దానివల్ల ప్రభుత్వానికి 1,757 కోట్లకు పైగా నష్టమని కాగ్ చెప్పింది. పదేళ్లు! మా అపార్ట్‌మెంట్‌లో మెయింటెనెన్స్ రెండు నెలలు కట్టకపోతే లిఫ్ట్ పక్కన ఫ్లాట్ నంబరు అంటిస్తారు. ఇక్కడ బాకీ ఉన్నవాడు ఎగ్గొట్టడం కూడా కాదు, బిల్లు వేయాల్సినవాడే వేయలేదు. ఒప్పందంలో ఆ క్లాజు ఉంది, బిల్లు వేసే చోటికి ఆ క్లాజు చేరలేదు. కాంట్రాక్టు రాసే గది వేరు, బిల్లు వేసే గది వేరు, మధ్యలో తలుపు లేదు. నేను పనిచేసిన ప్రతి ప్రాజెక్టులోనూ ఇదే చూశాను, అంకెలు చిన్నవి అంతే.

పెనాల్టీలు కూడా అంతే. ఒప్పందంలో ఘనంగా ఉంటుంది: సర్వర్ నెలలో 99.5 శాతం సమయం నడవాలి, లేకపోతే బిల్లులో ఇంత కోత. ఎంత నడిచిందో ఎవరు చెప్తారు? మేమే. మా సర్వర్ ఎంతసేపు ఆగిపోయిందో మేమే ఎక్సెల్ షీట్‌లో వేసి, మేమే పెద్ద కంపెనీకి పంపితే, వాళ్లు దాన్ని అందమైన పీపీటీ చేసి శాఖకిచ్చేవాళ్లు. ఆగిపోయిన సమయాన్ని "ముందే చెప్పిన మెయింటెనెన్స్" అని రాస్తే కోత లేదు. పరీక్షలో మన పేపరు మనమే దిద్దుకుంటే ఎన్ని మార్కులు వస్తాయి? నాకు ఎప్పుడూ 99.7 వచ్చేవి.

ఇక్కడ అమెరికా సరుకుతో పోల్చి చెప్పాలి, ఊరికే పొగడ్డానికి కాదు. మా పెద్దమ్మ కొడుకు వర్జీనియాలో ఒక ఫెడరల్ కాంట్రాక్టర్ దగ్గర పనిచేస్తాడు, మనవాళ్లు ఆ చుట్టుపక్కల బోలెడంతమంది ఇదే పనిలో ఉన్నారు. నేను కాగ్ గురించి వాగుతుంటే "ఒరేయ్, జీఏఓవి చదువు, అప్పుడు తెలుస్తుంది" అన్నాడు. జీఏఓ అంటే అక్కడి కాంగ్రెస్ తరఫున లెక్కలు చూసే ఆఫీసు. హెల్త్‌కేర్ డాట్ గవ్ అని ఒబామా కాలంలో ఇన్సూరెన్స్ వెబ్‌సైట్ ఒకటి 2013 అక్టోబరు 1న తెరిచారు, తెరిచిన రోజే కూలబడింది, గుర్తుండే ఉంటుంది. దాని మీద జీఏఓ రిపోర్టు 2014 జులైలో వచ్చేసింది. పది నెలల్లో! ప్రధాన కాంట్రాక్టు 5.6 కోట్ల డాలర్ల నుంచి 20.9 కోట్లకి ఎలా ఉబ్బిందో రాశారు. దాదాపు నలభై సందర్భాల్లో, అధికారం లేని సిబ్బంది కాంట్రాక్టర్‌కి "ఇదీ చేసేయండి, అదీ కలపండి" అని చెప్పేసి మూడు కోట్ల డాలర్లకు పైగా పని చేయించారని రాశారు.

అది చదివి నేను అన్నయ్యకి రాత్రి పన్నెండింటికి ఫోన్ చేశాను. వాళ్లకి మధ్యాహ్నం. "అన్నయ్యా, మీ దగ్గర కూడా 'సార్ చెప్పారు, చేసేయండి' ఉందా?" అంటే పగలబడి నవ్వాడు. "మనిషన్నవాడు ఉన్నచోటల్లా ఉంటుందిరా, కాకపోతే ఇక్కడ తర్వాత ఎవడో వచ్చి లెక్కపెడతాడు" అన్నాడు. మనకి దీని పేరు చేంజ్ రిక్వెస్ట్. కాగితం మీద ఉండాలి, ఖర్చు రాయాలి, సంతకం కావాలి. మా దగ్గర వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో వచ్చేది. ఒకసారి ఒక మేడం కారులో వెళ్తూ పంపిన మెసేజ్‌లో వెనక హారన్లు తప్ప ఏమీ వినపడలేదు, మా టెస్టర్ అమ్మాయి మూడుసార్లు విని "జిల్లా వారీ అన్నారు" అంది, ఇంకొకడు "కిల్లారి అన్నారు, ఎవరిదో ఇంటిపేరు" అన్నాడు. జిల్లావారీ రిపోర్టే చేశాం. అదృష్టం.

జీఏఓ రిపోర్టులో ఇంకో ముక్క నాకు బాగా నచ్చింది, అంటే బాధగా నచ్చింది. అంత అభాసుపాలైన సైటు కట్టినందుకు ఆ కాంట్రాక్టర్‌కి రావాల్సిన ఫీజులో కోసింది ఎంతో తెలుసా? రెండు శాతం. కోటీ పాతిక లక్షల డాలర్లు ఇచ్చి, ఓ రెండు లక్షల అరవై ఏడు వేలు ఆపుకున్నారు. కాబట్టి అక్కడేదో రామరాజ్యం ఉందనుకోకండి. వాళ్ల ప్రభుత్వం ఐటీ మీద ఏడాదికి పదివేల కోట్ల డాలర్లకు పైనే పెడుతుంది, అందులో ఎనభై శాతం దాకా ఉన్న పాత సిస్టంలని నడపడానికే పోతుందని జీఏఓనే మొత్తుకుంటూ ఉంటుంది, 2015లో ఐటీ కొనుగోళ్ల నిర్వహణని ప్రమాదకర జాబితాలో కూడా పెట్టింది.

అయితే వాళ్ల దగ్గర ఉన్న ఒక్క సదుపాయం కోసం మాత్రం నాకు కన్ను కుట్టింది. వాళ్ల వెబ్‌సైట్‌లో ప్రతి రిపోర్టు కిందా, ఇచ్చిన ప్రతి సిఫార్సు పక్కనా దాని స్థితి ఉంటుంది, ఇంకా తెరిచే ఉందా, అమలు చేసి మూసేశారా, శాఖ ఏం చెప్పింది అని, ఏళ్ల తర్వాత కూడా మారుస్తూ ఉంటారు. మన రిపోర్టు పీడీఎఫ్ ఆ రోజు తీసిన ఫోటో. ఆ తర్వాత దారి ఏంటంటే, కేంద్రానిది అయితే పార్లమెంటు పబ్లిక్ అకౌంట్స్ కమిటీకి వెళ్తుంది, ఇరవై రెండు మంది సభ్యులు, 1967 నుంచీ ప్రతిపక్షం మనిషే ఛైర్మన్. వాళ్లు కొన్ని ఎంచుకుని అధికారుల్ని పిలిచి అడుగుతారు, మిగతావాటికి శాఖలు తీసుకున్న చర్యల నోట్ ఇవ్వాలి. కానీ చదివేవాడికి ఆ పేరా దగ్గరే, ఆ పేజీలోనే "ఇది సరిచేశారు, ఇది చేయలేదు" అని కనపడాలి. వేరే కమిటీ రిపోర్టు వెతుక్కుని, దానిలో ఈ పేరా నంబరు పట్టుకోవడం నాలాంటి పనిలేనివాడికే సాధ్యం.

ఒక అపోహ కూడా తీర్చేస్తాను, ఎందుకంటే రివ్యూల కింద ఎవరో ఒకరు "కాగ్ ఏం పీకింది, ఒక్కణ్ణైనా లోపల వేసిందా" అని రాస్తారు. కాగ్ ఎవర్నీ లోపల వేయలేదు, వేయకూడదు కూడా. 1971 నాటి చట్టం ప్రకారం ఏ రికార్డైనా అడిగి చూసే హక్కు ఉంది, చూసింది చెప్పే బాధ్యత ఉంది. ఆపే హక్కు లేదు, వసూలు చేసే హక్కు లేదు. మిక్సీ కొని బట్టలు ఉతకడం లేదని ఒక నక్షత్రం ఇచ్చినట్టుంటుంది. అన్నట్టు 2024 నవంబరు నుంచి ఆ కుర్చీలో ఉన్నది మన తెలుగాయనే, కోనసీమ మూలాలున్న కొండ్రు సంజయ్ మూర్తి.

ఇంకో మాట, అంకెల విషయంలో జాగ్రత్త. 2021 జూన్ 7న కొత్త ఇన్‌కంటాక్స్ పోర్టల్ మొదలై తడబడినప్పుడు, ఆగస్టులో ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ ఇన్ఫోసిస్ సీఈఓని పిలిపించి మరీ మాట్లాడారు. ఆ రోజుల్లో ప్రతి మీమ్‌లోనూ "4,242 కోట్ల వెబ్‌సైట్" అని. పార్లమెంటులో ఇచ్చిన జవాబు చదివితే ఆ మొత్తం ఎనిమిదిన్నరేళ్లకి, అందులో పన్నులు, అద్దె, పోస్టేజీ దాకా ఉన్నాయి, ఆ జూన్ నాటికి కంపెనీకి ఇచ్చింది 164.5 కోట్లు. సైటు బాగుందని వెనకేసుకు రావడం లేదు, మాకు ట్యాక్స్ రిటర్నులు వేసే ఆడిటర్ అప్పట్లో పడిన టెన్షన్ నాకు తెలుసు. కానీ తిట్టేటప్పుడు సరైన అంకెతో తిట్టాలి. ఆడిట్ రిపోర్టులు చదివితే ఈ అలవాటు వస్తుంది, మంజూరు వేరు, ఒప్పందం వేరు, చెల్లింపు వేరు అని.

టెండర్లలో ఎల్-1 సంగతి కొంచెం. అంటే తక్కువ కోట్ చేసినవాడికే పని. ఆడిట్ పేరా, అంటే అభ్యంతరం, పడుతుందన్న భయంతో ఆఫీసర్లు ఇంకో దారి చూడరు, వాళ్ల తప్పు కాదు. ఎక్కువ కోట్ చేసినవాడికి ఇస్తే జవాబు చెప్పాల్సింది వాళ్లే, తక్కువవాడు చెత్త పని చేస్తే జవాబు చెప్పాల్సింది ఎవరూ కాదు. 2021 అక్టోబరులో ఆర్థికశాఖ కొత్త మార్గదర్శకాలిచ్చి, నాణ్యతకి ముప్ఫై మార్కుల దాకా ఇవ్వచ్చని కొన్ని పనులకి వెసులుబాటు ఇచ్చింది, మంచిదే. మా చిన్న కంపెనీకి అందులో ఒరిగిందేమీ లేదు. పెద్ద కంపెనీ నాణ్యత చూపించి గెలిచినా పని మళ్లీ మాకే, అదే రేటుకి.

ఇక నా సొంత కథ ఒకటి చెప్పి ముగిస్తాను. పేరు చెప్పనన్న ఆ పోర్టల్‌దే. మార్చి 30 రాత్రి, బడ్జెట్ మురిగిపోతుందని గోల. యూఏటీ అంటే వాడేవాళ్లు పరీక్షించి "బాగుంది, తీసుకుంటున్నాం" అని సంతకం పెట్టడం. డెబ్బై రెండు టెస్ట్ కేసులు ఉన్నాయి, నలభైలోపే చూశారు. మిగతావాటికి టిక్కులు నేనే పెట్టాను, నీలం పెన్నుతో, పదకొండున్నరకి, సమోసా నూనె కాగితానికి అంటుకుని. ఆఫీసర్ సంతకం పెట్టారు. మర్నాడు బిల్లు పాసైంది. ఆ సార్ చెడ్డ మనిషి కాదు, ఏప్రిల్ 1కి డబ్బు వెనక్కి పోతే మళ్లీ ఏడాది ఆ ప్రాజెక్టు లేవదని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు.

మూడేళ్ల తర్వాత ఆడిట్ పార్టీ వచ్చింది. నేను అప్పటికి వేరే కంపెనీ. పాత మేనేజర్ ఫోన్ చేసి "ఆ యూఏటీ కాగితం నీ దగ్గరేమైనా ఉందా, ఆఫీసులో ఫైలు దొరకట్లేదు" అన్నాడు. నా పాత ఫోన్‌లో ఫోటో ఉంది, పంపాను. ఆడిట్‌వాళ్లు దాన్ని చూసి అడిగిన ప్రశ్న తర్వాత నాకు చెప్పారు: డెబ్బై రెండు టిక్కులూ ఒకే పెన్నుతో, ఒకే వాలులో ఉన్నాయేంటి అని. కంప్యూటర్ చదువుకున్నవాడు అడిగిన ప్రశ్న కాదది, ముప్ఫై ఏళ్లుగా మస్టర్ రోల్స్, అంటే కూలీల హాజరు పట్టీలు, చూసినవాడు అడిగే ప్రశ్న. నాకు సిగ్గేసింది, అదే సమయంలో గౌరవం కూడా కలిగింది. సైఫాబాద్ మీదుగా బస్సులో వెళ్లేటప్పుడు కండక్టర్ "ఏజీ ఆఫీస్, ఏజీ ఆఫీస్" (కాగ్ కింద పనిచేసే ఆఫీసు అది) అని అరిస్తే ఇప్పటికీ తల కిందికి వంగుతుంది.

ఆ అభ్యంతరం ఇన్‌స్పెక్షన్ రిపోర్టులోనే ఆగిపోయింది. అది కూడా తెలుసుకోండి: వెబ్‌సైట్‌లో మనం చదివే రిపోర్టులు వడపోసిన తర్వాత మిగిలిన పెద్దవి, ఇలాంటి చిన్న చిన్నవి ఆఫీసుకీ ఆడిట్‌కీ మధ్య ఉత్తరాల్లోనే నడిచి, జవాబు నచ్చితే అక్కడే "పేరా డ్రాప్" అవుతాయి, చట్టసభ దాకా రావు. మాదానికి శాఖ ఇచ్చిన జవాబు, భవిష్యత్తులో జాగ్రత్త పడతాం అని.

నా రేటింగ్: అంకెల పరిశోధనకి ఐదుకి ఐదు. భాషకి మూడు, పేజీల లెక్కకి రెండున్నర, సమయానికి రావడానికి ఒకటి. చదివాక ఏమైందో చూపించడానికి సున్నా ఇద్దామనుకున్నాను, పబ్లిక్ అకౌంట్స్ కమిటీ ఉంది కాబట్టి ఒకటి. మొత్తం మీద మూడున్నర అనుకోండి, లెక్క సరిపోకపోతే ఆడిట్ అభ్యంతరం పెట్టుకోండి. మొదటిసారి చదివేవాళ్లు ఆయుష్మాన్ భారత్‌ది తీసుకోండి, సమ్మరీ వదిలేసి లబ్ధిదారుల నమోదు ఉన్న అధ్యాయంలోకి నేరుగా వెళ్లండి, ఆ తర్వాత మీ ఇంట్లో ఎవరి ఫారంలోనైనా ఏ నంబరు వేశారో ఒకసారి చూసుకోండి. నేను మా అమ్మది చూశాను. నా నంబరే ఉంది.